మేము చూశామండి

మీ వంటింట్లో గ్యాసు పొయ్యికీ సిలిండరుకూ మధ్య నారింజ రంగు గొట్టం ఒకటి ఉంటుంది. దానిని చివరిసారిగా ఎవరు చేతితో పట్టుకొని వంచి చూశారో చెప్పగలరా? ఐదేళ్ళకొకసారి మార్చాలంటారు. ఇంట్లో అడిగి చూడండి. ఇల్లాలు, ఆయన చూశారంటుంది. ఆయన, సిలిండరు తెచ్చిన కుర్రవాడు చూసే ఉంటాడంటారు. పిల్లలైతే అలాంటి గొట్టం ఒకటి ఉందా అని అడుగుతారు. మా ముగ్గురి ఇళ్ళలోనూ ఇదే జవాబు వచ్చింది. గొట్టాలు చూడడమే వృత్తిగా బ్రతికినవాళ్ళము గనుక మాకు కొంచెం సిగ్గు వేసింది.

మేము విమానాల మెకానిక్కులము. ఒకరిది తెనాలి, ఒకరిది కాకినాడ, ఒకరిది ఖమ్మం. పైలట్లకు శిక్షణ ఇచ్చే ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ఇరవై ఏళ్ళకు పైగా కలిసి పనిచేసి, ఇప్పుడు ముగ్గురమూ రిటైరయ్యాము. ఆ క్లబ్బు పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ వ్యాసం వ్రాసే చెయ్యి ఒకరిదే గాని మాట ముగ్గురిదీ. ఒకరు వ్రాసినదాన్ని మిగిలిన ఇద్దరూ చదివి, రెండు చోట్ల కొట్టివేసి, మరొక చోట "నేను అలా అనలేదు" అని పోట్లాడారు. ఆ చోటు ఏదో చివరకు మీకే తెలుస్తుంది.

మా దగ్గర ఉన్నవి సెస్నా 152 విమానాలు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం, ముందు ఒకే ఒక ఇంజను, సుమారు 110 గుర్రాల శక్తి. ఇంజను మూత విప్పితే కొత్తవాళ్ళకు కనిపించేవి సిలిండర్లు కావు, గొట్టాలు. ఇంజను పీల్చే గాలికి గొట్టం. పైలట్ కాళ్ళకు వెచ్చదనం ఇచ్చే గాలికి గొట్టం. వేడెక్కే భాగాల మీదకు చల్లగాలి ఊదడానికి సన్నని గొట్టం. వీటిలో మాకు పాఠం చెప్పినది కార్బురేటరుకు వేడిగాలి తెచ్చే గొట్టం. రెండంగుళాల వెడల్పు, మూరెడు కూడా లేని పొడవు.

కార్బురేటరు అంటే పాత అంబాసిడరు కారు నడిపినవారికి తెలుసు. గాలి ఇరుకైన గొంతులోనుండి పోతూ పెట్రోలును ఆవిరిగా కలుపుకొని సిలిండర్లలోకి వెళుతుంది. ఆవిరి అయ్యేటప్పుడు చల్లబడడం ప్రకృతి. ఎండాకాలం మట్టికుండలో నీళ్ళు చల్లబడేది ఇందువల్లనే గదా. కార్బురేటరు గొంతులో ఈ చల్లదనం ఎంత ఎక్కువంటే, బయట 25 డిగ్రీల వేడి ఉన్నా, గాలిలో తేమ బాగా ఉంటే లోపల మంచు పట్టగలదు. మన ప్రాంతంలో మంచు ఏమిటని నవ్వుకునేవారు వానాకాలం ఉదయం ఆరు గంటలకు హ్యాంగరు తలుపు తీసి నిలబడితే తెలుస్తుంది. నేల తడి, గాలి తడి, చొక్కా తడి. అటువంటి పూట దిగడానికి ఇంజను వేగం తగ్గించినప్పుడే మంచు పట్టే భయం ఎక్కువ. గొంతు ఇరుకై, ఇంజను ఊపిరాడక ఆగిపోవచ్చు.

అందుకని పైలట్ ముందు ఒక పిడి పెట్టారు. దానిని లాగితే మామూలు చల్లగాలి దారి మూసుకొని, సైలెన్సరు చుట్టూ వేడెక్కిన గాలి మా రెండంగుళాల గొట్టం గుండా కార్బురేటరుకు చేరుతుంది. మంచు కరుగుతుంది. ఆ గొట్టానికి రోజంతా పెద్దగా పని ఉండదు. పిడి లాగిన ఆ కాసేపు మాత్రం ఇంజను ఊపిరి అంతా దానిగుండానే.

గొట్టం తయారీ చూడడానికి సాదాగానే ఉంటుంది. ఫైబర్‌గ్లాసు గుడ్డకు సిలికోన్ రబ్బరు పట్టించి, అది నలిగిపోకుండా ఉక్కు తీగను స్ప్రింగులాగా చుడతారు. ఒంటిపొరవి ఉన్నాయి, రెండు పొరలవి ఉన్నాయి. రెండు పొరలదాని లోపలి భాగం నున్నగా, అందంగా ఉంటుంది. అయితే వేడికీ, నూనె ఆవిరికీ ఏళ్ళ తరబడి నానితే లోపలి పొర అంటు విడిచి వదులవుతుంది. బయటి పొర మాత్రం కొత్తదానిలాగే నిగనిగలాడుతూ ఉంటుంది. ఇంజను పీల్చే గాలికి ఒంటిపొరదే మేలని అనుభవం గలవారు చెప్పేది ఇందుకే. మా విమానానికి బిగించినది రెండు పొరలది. అప్పట్లో విడిభాగాలు విదేశాల నుండి వచ్చేసరికి నెలలు పట్టేది. స్టోరులో ఆ కొలతకు సరిపోయినది అదొక్కటే ఉంటే, తెచ్చి బిగించాము. బిగించినది కూడా మేమే.

ఇది 1994 ఆగస్టు నాటి మాట. ఆ విమానానికి వంద గంటల తనిఖీ వచ్చింది. వంద గంటలు ఎగిరిన తరువాత ఇంజను మూత విప్పి, చిట్టాలో ఉన్న ఒక్కొక్క అంశాన్నీ చూసి, ఎదురుగా చూసినవాడు తన పొడి అక్షరాలు వేయాలి. అన్నీ ముగిశాక లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం చేస్తేనే ఆ విమానం ఎగరడానికి యోగ్యమైనది. ఆ సంతకం లేనిదే దానిని ఆకాశంలోకి తీసుకుపోకూడదు.

గొట్టాన్ని చూసే పద్ధతి చిట్టాలో ఒకే వరుసగా ఉంటుంది గాని, చేతికి అది పావుగంట పని. బయట తడిమి ఎక్కడైనా రాపిడి తగిలిందా అని చూడాలి. ముఖ్యంగా ఇంజనును పట్టి ఉంచే ఇనుప చట్రం దగ్గర. బిగింపు పట్టీల క్రింద గుడ్డ తెగిందేమో చూడాలి. బొటనవ్రేలితో నొక్కాలి. పెళుసుగా పలికినా తప్పే, నానిన బూరెలాగా మెత్తగా దిగినా తప్పే. తీగ విరిగి మొన లోపలికి పొడుచుకొని వచ్చిందేమో చూడాలి. తరువాత, అసలు సంగతి, రెండు చివరలా పట్టీలు విప్పి, గొట్టాన్ని బయటకు తీసి, ఒక చివర టార్చి పెట్టి రెండవ చివర కన్ను పెట్టాలి. ఈ ఆఖరి పనికే చేతులకు విసుగు. ఆ పట్టీ స్క్రూ సరిగ్గా చెయ్యి దూరని చోట ఉండేది. వ్రేళ్ళ కణుపులు దోక్కుపోకుండా అది విప్పినవాడిని మేము చూడలేదు.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం ఆరు దాటింది. వాన వచ్చేటట్లుంది. మాలో ఒకరికి తెనాలి బండి అందుకోవాలి, ఒకరి బిడ్డకు జ్వరం. గొట్టం బయట తుడిచాము. నొక్కాము. బాగుంది. చిట్టాలో ఆ వరుస ఎదురుగా పొడి అక్షరాలు పడ్డాయి. మూత బిగించి, చేతులు కడుక్కొని వెళ్ళిపోయాము.

మరునాటి ఉదయం ఆ విమానంలో ఒక కుర్రవాడు మొదటిసారి ఒంటరిగా ఎగరవలసి ఉన్నది. పంతొమ్మిదేళ్ళవాడు. తండ్రి లేడు. తల్లి బడిపంతులమ్మ. గాజులు తాకట్టుపెట్టి ఫీజు కడుతోందని క్లబ్బులో అందరికీ తెలుసు. అలాంటి సంగతులు ఎలాగో తెలిసిపోతాయి. ఆ ఉదయం ఆమె కూడా వచ్చింది. టిఫిను క్యారియరు ఒళ్ళో పెట్టుకొని కంచె బయట వేపచెట్టు క్రింద కూర్చున్నది. లోపలికి రమ్మంటే రాలేదు.

అతడు ఎక్కేముందు మేము ఇంజనును నేలమీద నడిపి చూపాలి. మా ఇంజనీరుగారు ప్రక్కన కూర్చున్నారు. ఆయనను మేము పెద్దసారు అనేవాళ్ళము. అరవైకి దగ్గరపడిన మనిషి, కోపం తక్కువ, మాట ఇంకా తక్కువ. ఇంజనును నిమిషానికి 1700 చుట్లకు తెచ్చి వేడిగాలి పిడి లాగాము. వేడిగాలి పలుచన గనుక చుట్లు కొంచెం తగ్గాలి. తగ్గితే వేడిగాలి వస్తున్నదని గుర్తు. మా విమానాలకు మామూలుగా వందకు అటూ ఇటూ తగ్గేది. ఆ రోజు రెండు వందల యాభై తగ్గింది. ఇంజను శబ్దం కూడా కొంచెం బరుకుగా మారింది.

"వేడి బాగా అందుతోందండి" అన్నాము మేము, సంతోషంగానే.

పెద్దసారు ముల్లు వైపే చూస్తున్నారు. "ఎందుకంత తగ్గింది?"

"తేమ పూట గదండీ. మంచు పట్టి ఉంటుంది. కరుగుతున్నట్లుంది."

ఇది తెలివితక్కువ జవాబు కాదు. మంచు కరిగేటప్పుడు నిజంగానే ఇంజను కాసేపు తడబడుతుంది. ఆయన అలాగే అర నిమిషం కూర్చున్నారు. తరువాత మెల్లగా అన్నారు, "మంచయితే కరిగాక చుట్లు మళ్ళీ పైకి రావాలి గదయ్యా. రాలేదే?"

పిడి లోపలికి తోస్తే ఇంజను చక్కగా తిరిగింది. లాగితే మళ్ళీ అంతే. ఇంజను ఆపించారు. మూత విప్పమన్నారు. కుర్రవాడు హెడ్‌సెట్టు చేతిలో పట్టుకొని దూరంగా నిలబడి ఉన్నాడు.

చెయ్యి దూరని ఆ పట్టీ విప్పి గొట్టాన్ని బయటకు తీసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. బయటకు తీశాక టార్చి అవసరం కూడా లేకపోయింది. లోపలి పొర సగం మేర ఊడి, కుక్క నాలుకలాగా గొట్టం మధ్యలో వ్రేలాడుతున్నది. వేడిగాలి లాగినప్పుడల్లా ఆ నాలుక లేచి దారికి అడ్డం పడుతున్నది. చుట్లు తగ్గింది వేడి వల్ల మాత్రమే కాదు, ఊపిరి అందక. ఆ ముక్క ఇంకాస్త చిరిగి కార్బురేటరు వైపు పీల్చుకుపోతే ఏమవుతుందో మాలో ఎవరమూ పైకి అనలేదు. దిగడానికి వేగం తగ్గించి, పిడి లాగిన ఆ క్షణంలో, విమానంలో ఆ పిల్లవాడు ఒక్కడే ఉండేవాడు. ప్రక్క సీటు ఖాళీ.

పెద్దసారు చిట్టా తెప్పించారు. ఆ వరుస మీద వ్రేలు పెట్టారు.

"ఇది నిన్న చూశారా?"

"మేము చూశామండి" అన్నాము.

"మేము అంటే ఎవరు?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదని అప్పుడే మాకు తెలిసింది. పొడి అక్షరాలు వేసినవాడు, గొట్టాన్ని తుడిచినవాడు లోపల కూడా చూశాడనుకున్నాడు. తుడిచినవాడు, టార్చి మూడవవాని చేతిలో ఉన్నది గనుక అతడు చూశాడనుకున్నాడు. టార్చి పట్టినవాడు ఆ సమయానికి బ్యాటరీ తీగలు చూస్తున్నాడు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. ముగ్గురిలో ఎవరినైనా ఒంటరిగా అక్కడ నిలబెట్టి ఉంటే ఆ పట్టీ విప్పేవాడే. ముగ్గురము ఉండబట్టి ఎవరూ విప్పలేదు. మాలో ఒకరు "నువ్వే చూశానన్నావు గదా" అని ప్రక్కవానితో అన్నట్లు ఇద్దరికి జ్ఞాపకం. మూడవవారు, నేను అలా అనలేదని ఇప్పటికీ అంటారు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తిట్టలేదు. విమాన రికార్డులలో వ్రాసినదాన్ని చెరపడానికి గాని, తెల్లరంగు పూయడానికి గాని వీలులేదు. క్రింద ఉన్న వ్రాత కనబడేటట్లు ఒక్క గీత గీసి, ప్రక్కన సరియైనది వ్రాసి సంతకం చేయాలి. ఆ గీత మా చేతనే గీయించారు. తరువాత పై అధికారులకు నివేదిక వ్రాయమన్నారు. మా ముగ్గురి పేర్లూ వ్రాశాము. "నా పేరు కూడా వ్రాయండి. ఆ గొట్టం స్టోరులోనుండి వచ్చిననాడు నేను అడగలేదు" అన్నారు. వ్రాయడానికి మాకు చెయ్యి రాలేదు. ఆయనే వ్రాసుకున్నారు. మూడు నెలల పాటు మేము చేసిన ప్రతి పనినీ మరొకరు చూసి సంతకం చేయవలసి వచ్చింది. జీతం కోత కంటె అదే ఎక్కువ బాధపెట్టింది.

ఆ రోజు క్లబ్బులో ఏ విమానమూ ఎగరలేదు. మిగిలినవన్నీ విప్పించారు. ఇంకొకదానిలో కూడా రెండు పొరల గొట్టమే ఉన్నది. దాని లోపలి పొర బుడగలు లేచి, ఊడడానికి సిద్ధంగా ఉన్నది. పన్నెండు గంటలకు ఆ తల్లి టిఫిను క్యారియరు కొడుకు చేతికిచ్చి బస్సు ఎక్కి వెళ్ళిపోయింది. వెళ్తూ మాకు నమస్కారం పెట్టింది. మేము తల ఎత్తలేదు.

ఇది చిన్న విమానాల సంగతే అనుకోకండి. 1982 జనవరి 13న అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో మంచు కురుస్తుండగా ఎయిర్ ఫ్లోరిడా వారి బోయింగు 737 బయలుదేరింది. ఆ ఇంజన్ల ముందుభాగంలో లోపలికి వచ్చే గాలి ఒత్తిడిని పసిగట్టే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. ఇంజన్లకు మంచు పట్టకుండా చేసే మీటను పైలట్లు వేయలేదు. మంచు ఆ గొట్టాల నోరు మూసింది. పైలట్ల ముందున్న గడియారం ఇంజను బలాన్ని 2.04 అని చూపింది. నిజంగా ఉన్నది 1.70 మాత్రమే. రెక్కల మీద కూడా మంచు ఉన్నది. విమానం లేచిన కొద్దిసేపటికే వంతెన మీది వాహనాలను కొట్టుకొని పొటొమాక్ నదిలో పడింది. వంతెన మీద ఉన్న నలుగురితో కలిపి 78 మంది చనిపోయారు. సహపైలట్ గడియారాలను చూసి ఇది సరిగా లేదని ఒకటికి రెండుసార్లు అన్నాడు. ఆ మాటలు రికార్డయి ఉన్నాయి. ఆ నివేదిక చదివినప్పుడల్లా మాకు పెద్దసారు ముల్లు వైపు చూసిన చూపు గుర్తుకు వస్తుంది.

కాళ్ళకు వెచ్చదనమిచ్చే గొట్టం కూడా తక్కువది కాదు. చాలా చిన్న విమానాలలో ఆ గాలి సైలెన్సరు చుట్టూ తిరిగి వస్తుంది. సైలెన్సరుకు వెంట్రుకవాసి బీట ఉంటే చాలు, కార్బన్ మోనాక్సైడు రంగూ వాసనా లేకుండా క్యాబినులోకి చేరుతుంది. 2019 జనవరి 21న అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సలా ప్రయాణిస్తున్న ఒంటి ఇంజను పైపర్ విమానం గర్న్సీ ద్వీపం దగ్గర సముద్రంలో కూలింది. అతని రక్తంలో ఆ విషవాయువు పట్టిన భాగం 58 శాతం ఉన్నదని దర్యాప్తులో తేలింది. పైలట్ కూడా ఆ వాయువుకు లోబడి ఉంటాడని నివేదిక చెప్పింది. ఇప్పుడు ఆ వాయువును పసిగట్టి మోగే చిన్న పరికరాలు చవకగానే దొరుకుతున్నాయి. మా కాలంలో రంగు మారే బిళ్ళ ఒకటి అంటించేవారు. అది మారిందో లేదో కూడా ఎవరో ఒకరు చూడాలి గదా.

ఆ మూడు నెలల తరువాత మా పని పద్ధతి కొంచెం మారింది. చూసినవాడు తన పేరు చెప్పి పైకి పలికేవాడు. "ఫలానావాడిని, వేడిగాలి గొట్టం, విప్పాను, లోపల చూశాను" అని. హ్యాంగరులోని మిగిలినవారు మొదట్లో నవ్వేవారు. బడిపిల్లల హాజరులాగా ఉందనేవారు. కొన్నాళ్ళకు వాళ్ళూ అలాగే పలకడం మొదలుపెట్టారు. పెద్దసారు దానిని గురించి ఒక్క మాటయినా అనలేదు. ఆయన రిటైరయిన రోజున మాత్రం ఆ ఊడిన గొట్టాన్ని తన బల్ల సొరుగులోనుండి తీసి మా పనిముట్ల పెట్టెలో పెట్టి వెళ్ళారు.

ఆ కుర్రవాడు రెండు రోజుల తరువాత, సోమవారం ఉదయం, క్రొత్త ఒంటిపొర గొట్టంతో ఒంటరిగా ఎగిరి వచ్చాడు. కొన్నేళ్ళకు ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ వార్త చెప్పడానికి పూతరేకుల పొట్లంతో హ్యాంగరుకు వచ్చాడు. కబుర్లన్నీ అయ్యాక అడిగాడు, "అంకుల్, నా మొదటి సోలో నాడు నన్ను ఎందుకు ఆపేశారు? వాతావరణం అని చెప్పారు. ఎండ కాస్తోందప్పుడు."

పెట్టె తెరిచి గొట్టాన్ని అతని చేతికిచ్చాము. చాలాసేపు వ్రేలు పెట్టి ఆ నాలుకను కదిలించి చూశాడు.

"ఇది చూసింది మీలో ఎవరండీ?"

"మాలో ఎవరూ కాదు బాబూ" అన్నాము. జరిగినదంతా చెప్పాము, ఎవరు తుడిచారో, టార్చి ఎవరి చేతిలో ఉందో, పొడి అక్షరాలు ఎవరివో, ఒక్కొక్కరమూ మా వంతు.

అతడు ఏమీ అనలేదు. గొట్టాన్ని రెండు చేతులతో వెలుతురు వైపు ఎత్తి, ఒక కన్ను మూసుకొని, అవతలి చివర దాకా చూశాడు.